తాతగారి ట్రంకు పెట్టె, యిడ్డిష్ పుస్తకాలు

ప్రశ్న: మా తాతగారి ట్రంకు పెట్టె నిండా తెలుగు పుస్తకాలే. పిల్లలది ఒడియా మీడియం, ముట్టుకునేవాళ్లు లేరు. అమెరికాలో యిడ్డిష్ (తూర్పు ఐరోపా యూదుల భాష) పుస్తకాలను ఇలాంటి స్థితిలోనే కాపాడారట కదా? మేం ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ఏరన్ లాన్‌స్కీ అనే విద్యార్థి ఆ పనికి పూనుకుని 1980లో మసాచుసెట్స్‌లో యిడ్డిష్ బుక్ సెంటర్ పెట్టాడు. పెద్దవాళ్లు పోయాక, ఆ లిపి రాని పిల్లలు పుస్తకాలను చెత్తలో వేసేస్తున్న రోజులవి. దొరికితే 70 వేలు దొరుకుతాయని అప్పటి పండితుల లెక్క. దొరికినవి పది లక్షలు దాటాయి! కాబట్టి మీ పెట్టెతో ఆగకండి, చుట్టాలిళ్లలోనూ అడగండి. ఎవరు కొన్నారు, ఎవరు చదివారు అని ఇచ్చేవాళ్లు చెప్పే కబురు పెన్సిల్‌తో చీటీ మీద రాసి ఆ పుస్తకంలోనే పెట్టండి.

పురుగు పట్టిన పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి తీసి, మూతి బిగించి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు. విప్పితే చల్లటి కాగితానికి చెమ్మ పట్టేస్తుంది. బూజు మాత్రం చలికి చావదు. బూజు పుస్తకాలను వేరుచేసి, నీడలో గాలికి ఆరనిచ్చి, మాస్కు పెట్టుకుని మెత్తటి కుంచెతో దులపండి. ఎండలో పరచడం మన ఇళ్లలో అలవాటే గానీ, పాత కాగితంలో అసలే ఆమ్లం ఉంటుంది, ఎండకు ఇంకా పెళుసెక్కుతుంది. సెల్లోటేపు వద్దే వద్దు, దాని జిగురు కాగితంలోకి ఇంకి పచ్చబడుతుంది.

ఫోన్‌తో ఫోటోలు తీసేటప్పుడు పుస్తకాన్ని విరిచి పరచకండి. ఒక అట్టను గోడకు ఆనించి సగమే తెరిచి, ముందు కుడి పేజీలన్నీ, తర్వాత ఎడమవన్నీ తీయండి. స్కానరైతే 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు) ఉంటే మంచిది. తగ్గితే పాత అచ్చులో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా సరిగా తెలియకపోవచ్చు. నెట్‌లో పెట్టేముందు రచయిత ఎప్పుడు పోయారో చూసుకోండి. మన కాపీరైట్ చట్టంలో ఆ మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. 1960లో పోయినవారి రచనలైతే 2021 నుంచి ఎవరైనా పెట్టుకోవచ్చు.

ప్రశ్న: యిడ్డిష్ రచయిత షోలెం అలైహెం కథలు ఇంగ్లీషులో చదివాను. యిడ్డిష్‌లోనే చదవాలంటే లిపి కష్టమా?
– ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: లిపి హీబ్రూది, కుడి నుంచి ఎడమకు సాగుతుంది. చాలా మాటల్లో అచ్చులకూ అక్షరాలుంటాయి కాబట్టి హీబ్రూలో లాగా అచ్చులను అంతగా ఊహించుకోనక్కర్లేదు. చిక్కల్లా హీబ్రూ నుంచి వచ్చిన మాటలతోనే. వాటి పాత వర్ణక్రమం మారలేదు, ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకోవాల్సిందే. సోవియట్ ప్రచురణల్లో మాత్రం వాటినీ పలికినట్టే అచ్చేశారు. మీ రచయిత పేరే రెండు రకాలుగా కనిపిస్తుంది. అందుకని కేటలాగులో ఒకసారి వెతికి దొరకలేదని వదిలేయకండి. యిడ్డిష్ బుక్ సెంటర్ స్కాన్ చేసిన వేల పుస్తకాలు నెట్‌లో ఉచితం. పాత ముద్రణల్లో ఉచ్చారణ తెలిపే, అక్షరాల కింది గుర్తులను తరచు వదిలేసేవారు, కాబట్టి మొదట పాఠ్యపుస్తకాలు పట్టండి.

ప్రశ్న: ఒడియా చదివే పిల్లలకు తెలుగు చదవడం ఎలా నేర్పాలి?
– ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: పుస్తకాలు పోగయ్యాక యిడ్డిష్ వాళ్లకూ చదివేవాళ్ల కొరతే ఎదురైంది. ఆ సెంటరే వేసవిలో కాలేజీ పిల్లలకు భాష నేర్పుతుంది. మీ పని అంతకన్నా తేలిక. మాట ఇంట్లో ఉంది, అక్షరాల వరుస, గుణింతం ఒడియాలో వచ్చినవే. తడబడేది ఎ-ఏ, ఒ-ఓల దగ్గర, ఆ తేడా ఒడియాలో లేదు. మెడ-మేడ, కొన-కోన లాంటి జంటలు రోజూ చదివించి రాయించండి. వొత్తులు ఆ తర్వాత. పద్యాల జోలికి ఇప్పుడే వెళ్లకండి, పిల్లలు పారిపోతారు.