నీ పటం అంచున ఉన్న నల్లమచ్చ గురించి

తమ్ముడూ,

నువ్వు పంపిన నీ రాజుల కథ మూడు అధ్యాయాలూ చదివాను, పటం కూడా చూశాను. పటం బాగా గీశావు. కానీ రాజ్యం ఉత్తరపు అంచున అడవి ఉన్నచోట పెద్ద నల్లమచ్చ పెట్టి, దాని మీద "వెళ్లినవాళ్లు తిరిగి రారు" అని రాసి వదిలేశావు చూడు, నా గొడవంతా అక్కడే. ఎవరూ తిరిగి రాకపోతే లోపల అగ్నిసింహాలున్నాయని రాజధానిలో ఎవరు చెప్పారు? రెండో అధ్యాయంలో మహారాణి ఆ అడవి తేనే కదా తింటోంది, అది ఎవరు తెచ్చి అమ్మారు? నీకు తెలియకుండానే అక్కడ మనుషులున్నారు. వాళ్లు ఏం తిని బతుకుతున్నారో, ఏ నెలలో దేనికి భయపడతారో తేల్చుకుంటే మిగతా కథ దానంతటదే కదులుతుంది.

ముందు నేల సంగతి. నల్లమలనే తీసుకో. పడమట నంద్యాల వైపు నీళ్లు కుందూలో కలిసి పెన్నకు పోతాయి, తూర్పు వైపు గుండ్లకమ్మ పుట్టి తన దారిన తాను సముద్రానికి పోతుంది. మధ్యలో కొండ దాటాలంటే ఎక్కడపడితే అక్కడ కుదరదు, నంది కనుమ లాంటి చోటే దాటాలి. కాబట్టి కనుమ చేతిలో ఉన్నవాడికే సుంకం, వాడికే కబుర్లు, దొంగలు కాచుకునేదీ అక్కడే. నీ సైన్యం మాత్రం పది కోసుల కొండని ఒక్క వాక్యంలో దాటేసింది! ఇక నీళ్లు. శ్రీశైలం దగ్గర కృష్ణ కొండల్ని కోసుకుంటూ ఎంత లోతున పారుతుందంటే, పైనుంచి నది కళ్ల ముందే కనిపిస్తుంది, తాగాలంటే మాత్రం వందల మెట్లు దిగాలి. మెట్లే లేని కాలం ఊహించుకో. వేసవిలో పైన వాగులన్నీ ఎండిపోయి రెండు మూడు చెలమలు మిగిలితే దుప్పులు, వాటి వెనక పులి, కుండ పట్టుకుని మనిషి, అందరూ అక్కడికే రావాలి. నువ్వు ప్రమాదాన్ని అడవంతా సమానంగా చల్లేశావు, నిజానికి అది ఇలాంటి చోట్ల పోగుపడుతుంది.

జంతువుల దగ్గర నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకు. ఒక్క పులికే ఏడాదికి దాదాపు యాభై పెద్ద జంతువులు కావాలి, అంటే వారానికొకటి. అలా తినాలంటే చుట్టూ వందల జింకలుండాలి, వాటికి గడ్డి ఉండాలి. నీ అగ్నిసింహాలు ఏనుగంత ఉన్నాయి, గుంపుకి నలభై, పైగా అడవిలో ఒక్క జింక కూడా లేదు. ఏం తింటున్నాయి, దారి తప్పిన నీ సైనికుల్నా? వాళ్లు ఎన్నాళ్లకి సరిపోతారు? గుంపు తీసేసి ఒక్కదాన్ని ఉంచు, ముసలిదాన్ని, వేట చేతగాక పశువుల మంద మీద పడేదాన్ని. చాలు. ఇంకోటి, దట్టమైన అడవిలో తోడేళ్లు తరిమాయని రాశావు. ఇది మంచుదేశాల కథల నుంచి వచ్చిపడింది, మన తోడేలు ఎక్కువగా బీళ్లలో, తుప్పల్లో తిరుగుతుంది, దాని వైరం గొర్రెల కాపరితో. దట్టమైన అడవిలో గుంపుగా వేటాడేవి రేచుకుక్కలు, అవీ పట్టపగలు. ఎలుగుబంటిని అసలు వాడుకోలేదేంటి? మనిషిని తినడానికి రాదు, బెదిరి మీద పడుతుంది, గోళ్లతో ముఖం చీల్చేస్తుంది. ఎండాకాలంలో ఇప్పపువ్వు రాలే రోజుల్లో, తెల్లవారకముందే పువ్వు ఏరడానికి ఆడవాళ్లు చెట్టు కిందికి వెళ్తారు, అదే పువ్వు కోసం అదీ వస్తుంది. ఇద్దరికీ ఆకలే, ఎవరూ దుర్మార్గులు కారు. ఆ ఒక్క చెట్టు కింద ఒక అధ్యాయం రాయొచ్చు.

కోరలున్నవే ప్రమాదాలని కూడా అనుకోకు. మన్యంలోకి దిగువ నుంచి వెళ్లిన సైన్యాల్ని పులి ఆపలేదు, జ్వరం ఆపింది. 1879లో గోదావరి మన్యంలోని రంపలో ముఠాదారులు, అంటే కొన్ని కొండ ఊళ్ల మీద పెత్తనం ఉన్నవాళ్లు, తిరగబడ్డప్పుడు, తెల్లవాళ్ల పటాలాలకి తిరుగుబాటుదార్లతో ఎంత తలనొప్పో మలేరియాతోనూ అంతే. ఆ తిరుగుబాటు ఎందుకొచ్చిందో చూడు, తాటి, జీలుగు చెట్లకి కల్లు గీసుకోవడం మీద ఆంక్షలు, కల్లు మీద వేసిన చిగురుపన్ను, అప్పుల పేరుతో పశువుల్ని తోలుకుపోయే వ్యాపారులు. కల్లు మీద పన్నా అని రాజధానిలో కూర్చున్న నీ మంత్రి నవ్వుతాడు. నవ్వనీ, కథ అక్కడే మొదలవుతుంది. ఉప్పు కూడా అంతే, కొండ మీద పండదు, దిగువ నుంచి లంబాడీల ఎద్దుల మీద రావాలి. వానలు మొదలై వాగులు పొంగాయా, నాలుగు నెలలు ఉప్పు లేదు. గోదావరి పాపికొండల మధ్య ఇరుక్కుని పారుతుంది తెలుసుగా, 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర వరద 75 అడుగులు దాటింది. నీ నది మూడు అధ్యాయాల్లోనూ ఒకే మట్టంలో ఉంది, అది నదేనా?

సరిహద్దులో రాజుగారి చట్టం కూడా రాజధానిలో ఉన్నట్టు ఉండదు. 1839లో ఈస్టిండియా కుంపిణీ వాళ్లు గంజాం, విశాఖ కొండ ప్రాంతాలకి మామూలు చట్టాలు పనికిరావని పక్కన పెట్టి ఏజెంట్లకి అప్పగించారు, మనం ఇప్పటికీ ఏజెన్సీ అంటున్నది దాన్నే. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాజనీతిలో అడవి మనుషుల గురించి చెప్తూ, వాళ్ల తప్పులు ఏరబోవడం మట్టిగోడ కడగడమే అంటాడు, మాట మీద నిలబడి వాళ్లని మనవైపు తిప్పుకోమంటాడు. పెత్తనం గొంతే అనుకో, అయినా ఆ రాజుకి తన అంచు గురించి తెలుసు. నీ రాజుకి తెలియదు. తెలియకపోవడమే నీ కథ అయితే మంచిదే, కానీ నీకు మాత్రం తెలియాలి. అన్నట్టు, ఆయన 1520లో కొట్లాడి గెలిచిన రాయచూరు కూడా సరిహద్దే, కృష్ణా తుంగభద్రల నడుమ మంచి నేల. దాని కోసం విజయనగరానికీ బహమనీలకీ తరతరాలు గొడవ. అంచు అనగానే బీడు, చీకటి అని ఎందుకు అనుకున్నావో ఒకసారి ఆలోచించుకో.

మొదటి రెండు అధ్యాయాలు ఇప్పుడు ముట్టుకోకు. పటం మీద ఆ మచ్చ చెరిపేసి ఒక కనుమ, ఒక చెలమ, ఉప్పు వచ్చే దారి గీసి, మూడో అధ్యాయాన్ని తేనె తెచ్చేవాడి వైపు నుంచి రాయి. వాడికి మీ రాజు పేరు కూడా తెలియనవసరం లేదు. రాశాక అదొక్కటే పంపు, ఈసారి టైప్ చేసి పంపు నాయనా, నీ చేతిరాతతో నా కళ్లు పోతున్నాయి.