కడుపు మాడ్చుకోకు చిన్నీ

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. అందులో యాభై నిమిషాలు చింతకాయ తొక్కు గురించే. చివర్లో, "అక్కా, చిన్ని పిల్లల కోసం అనుకుంటోందట, దానికి ముందు 15 కిలోలు తగ్గుతుందట, మూడు నెలల్లో" అని ఒక ముక్క వేసి పెట్టేసింది. నాకింక నిద్రెక్కడిది? మొదట సంతోషమే వేసింది. మా రోజుల్లో ఇలా ముందుచూపుతో కన్నవాళ్ళెవరు, అయినప్పుడు అయింది అనుకోవడమే. ఆ తర్వాత నువ్వు అన్నం మానేసి పొద్దున నిమ్మకాయ నీళ్ళు, రాత్రి దోసకాయ ముక్కలతో సరిపెడుతున్నావన్న మాట గుర్తొచ్చి మంచం మీద లేచి కూర్చున్నాను. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటూ నీ పని నువ్వు చేసుకుంటావు. అందుకే రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు అనేస్తాను. నడువు. చక్కెర వేసిన టీలు తగ్గించు. ఆఫీసు కింద పునుగుల బండి దగ్గర ఆగకు. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూడకు. థైరాయిడ్, షుగర్, బీపీ, రక్తం ఒకసారి చూపించుకో. రుబెల్లా అనే తట్టులాంటి జబ్బుకు టీకా పడలేదని తేలితే ఇప్పుడే వేయించుకో, వేయించుకున్నాక పిల్లల కోసం ప్రయత్నించడానికి ఒక నెల ఆగాలి.

ఫోలిక్ యాసిడ్ మాత్రల సంగతి మాత్రం ఒక లైనుతో వదలను. మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు, ప్రయత్నం మొదలుపెట్టడానికి కనీసం నెల ముందు నుంచే వేసుకోవాలి. బరువున్నవాళ్ళకు డాక్టరు ఇంకా పెద్ద మోతాదు రాయొచ్చు, అది అడుగు. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుపోతుంది. నెల తప్పిందని మనం వేళ్ళ మీద లెక్కపెట్టుకునేలోపే ఆ పని అయిపోతుంది. కాబట్టి "కడుపు వచ్చాక వేసుకుంటాలే" అనకు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

1988. నాకు 26 ఏళ్ళు. రామ్‌నగర్‌లో ఉండేవాళ్ళం. తార్నాక వైపు బడిలో సైన్సు చెప్పేదాన్ని. పెళ్ళయి రెండేళ్ళు దాటింది. ఒక బారసాలలో ఒకావిడ నా నడుము వైపు చూసి, "ఒళ్ళు తగ్గితేగానీ కడుపు పండదమ్మా" అంది. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను చూడు, అందుకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పుడు నేను 71 కిలోలు. మర్నాటి నుంచి పొద్దున ఒక అరటిపండు, మధ్యాహ్నం గ్లాసుడు మజ్జిగ, రాత్రి ఒక పుల్కా. అంతే. టిఫిన్ డబ్బాలో అత్తమ్మ పెట్టిన అన్నం బడి ఆయమ్మకు ఇచ్చేసేదాన్ని. రోజూ మా బస్సు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ముందు నుంచే పోయేది. దేశమంతా ఏం తినాలో చెప్పడానికి ఒక సంస్థ ఉంటే, దాని గేటు ముందు నుంచి ఖాళీ కడుపుతో రోజుకు రెండుసార్లు పోయిన టీచరమ్మను నేను.

రెండున్నర నెలల్లో 11 కిలోలు తగ్గాను. జాకెట్లు వదులయ్యాయి. స్టాఫ్ రూంలో రహస్యం చెప్పమని బతిమాలారు. చెప్పాను కూడా, గొప్పగా! జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వస్తుంటే నీళ్ళు మారాయి అనుకున్నాను. ఆ నెల నేను బయట చేరలేదు. పది రోజులు, పదిహేను రోజులు, ఇరవై. పొద్దున లేస్తే కళ్ళు తిరగడం, పైత్యం, వాంతి వచ్చినట్టుండడం. ఒకరోజు ఏడో తరగతి బోర్డు మీద సమతుల ఆహారం బొమ్మ వేస్తూ, పప్పు గిన్నె గీసి దానికి పేరు రాసేలోపే కింద పడ్డాను. హెడ్‌మాస్టరమ్మ ముఖాన నీళ్ళు చల్లి నవ్వింది. ఆ నవ్వు నాకంటే ముందే ఇంటికి చేరింది.

అత్తమ్మ రెండు కిలోల కోవా తెప్పించి గల్లీ అంతా పంచింది. ఆవిడ అంతగా నవ్వడం నేను అప్పుడే చూశాను. మరి నేను నమ్మలేదా అంటే, అందరికంటే ఎక్కువ నమ్మాను. బిడ్డ ఏ నెలలో పుడుతుందో లెక్కేసుకున్నాను. పేరు కూడా అనుకున్నాను. ఆ పేరు ఎవరికీ చెప్పలేదు, నీకూ చెప్పను.

డాక్టరమ్మ మూత్ర పరీక్ష చేయించింది. తర్వాత నా కింది రెప్ప లాగి చూసింది. రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 7.8. మన ఆడవాళ్ళకు 12 ఉండాలి. ఆమె కోప్పడలేదు. "అమ్మా, నీ కడుపులో బిడ్డ లేదు, అన్నమూ లేదు" అంది. తిండి అంతగా తగ్గిపోతే ఒళ్ళు కరువొచ్చిందనుకుంటుందట, ముందుగా మానేసేది అండం విడుదల చేయడమేనట. తగ్గాలని చేసిన పనితోనే తలుపు మూసుకున్నాను. బయట బెంచీ మీద అత్తమ్మ కోవా డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది, నర్సులకు ఇద్దామని.

నాలుగు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. ఐదో రోజు రాత్రి కంచంలో తోటకూర పప్పు, అన్నం, పైన నెయ్యి వేసి నా ముందు తోసి, "ఇది అయిపోయేదాకా నేనిక్కడి నుంచి లేవ" అంది. లేవలేదు కూడా. మళ్ళీ నెలసరి దారిలో పడటానికి ఐదు నెలలు పట్టింది. ఆ 11 కిలోలు ఏడాది తిరగకుండానే మరో రెండింటిని వెంటబెట్టుకుని వచ్చాయి. మీ అన్నయ్య పుట్టింది 1990లో.

నీకు చెప్పేది ఇదే బిడ్డా. నువ్వు 78 కిలోలని మీ అమ్మ చెప్పింది. నీకున్న పీసీఓడీకి, అదే నెలసరి తప్పించే ఆ అండాశయాల సమస్యకు, 15 కిలోలు తగ్గితేగానీ లాభం లేదని ఎవరన్నారు? ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలు, చాలామందికి నెలసరి దారిలో పడుతుంది, అండం విడుదలవుతుంది. నీ లెక్కన 4 నుంచి 8 కిలోలు. వారానికి అర కిలో చాలు. అన్నం మానకు, కొలత తగ్గించు. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. సరూర్‌నగర్ రైతుబజారులో గంగవాయిలి కూర కనబడితే వదలకు, పప్పులో వేస్తే నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది. గుడ్డు తిను. ఆకలేస్తే తిను. పొద్దున ఏమీ తినకుండా చైతన్యపురిలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో ఆ జనంలో రైలు మారుతూ కళ్ళు తిరిగితే నిన్ను పట్టుకునేదెవరు? ఇది తలుచుకుంటేనే నాకు చేతులు చల్లబడతాయి. బ్యాగులో ఎప్పుడూ పల్లీపట్టీ ఒకటి పెట్టుకో. నవ్వకు.

మీ ఆఫీసులో ఎవరో బరువు తగ్గే ఇంజెక్షన్లు వేసుకుంటున్నారట కదా. ఆ సెమాగ్లూటైడ్ లాంటివి పిల్లల కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపేయాలి. డాక్టరును అడగకుండా స్నేహితురాలి మాట విని మొదలుపెట్టావో, నేనే చైతన్యపురి వచ్చి కూర్చుంటా.

అవునూ, అన్నీ నీకేనా? అల్లుడు ఏం మానేశాడు? వీర్యకణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. ఆయన ఈరోజు తాగిన సిగరెట్టు లెక్కా అందులోకే వస్తుంది. పొద్దున సరూర్‌నగర్ చెరువు పక్క పార్కులో ఇద్దరూ కలిసి నడవండి. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకోవద్దని నేనన్నానని చెప్పు. నీకు సిగ్గయితే ఈ ఉత్తరం టేబుల్ మీద వదిలేయ్.

ఇంకొకటి. ఎప్పుడు మొదలుపెడుతున్నారో, ఎన్ని కిలోలు తగ్గావో ఎవరికీ చెప్పకు. మీ అత్తగారికీ, మీ అమ్మకు కూడా. మీ అమ్మకు చెబితే దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు మైకులో చెప్పినట్టే. పది రోజులు ఆలస్యమైనా పరీక్ష చేయించుకుని, డాక్టరు నోట విన్నాకే నోరు తెరువు. ఆ కోవా డబ్బా తిరిగి ఇంటికి మోసుకొచ్చింది నేనే. బస్సులో ఎంత బరువుందో నాకు తెలుసు.

ఆదివారం ఇద్దరూ రండి. జొన్న రొట్టె, తోటకూర పప్పు, రామ్‌నగర్ చేపలు చేస్తాను. రక్త పరీక్ష కాగితాలు తీసుకురా. కళ్ళద్దాలు కొత్తవి, బాగానే కనబడుతోంది.

పెద్దమ్మ