ప్లాస్టిక్ కొబ్బరిచెట్ల నీడలో: టికీ యాత్రపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది ఎడిసన్, న్యూజెర్సీ. ఆరేళ్ళు, పదకొండేళ్ళ పిల్లలున్నారు. ఇండియా నుంచి అత్తగారు వచ్చారు. మా రాష్ట్రపు తీరంలోని వైల్డ్‌వుడ్‌లో పాతకాలపు ‘హవాయి’ మోటెళ్ళు ఇంకా ఉన్నాయంటున్నారు. రెండు రోజులు చాలతాయా? గది తీసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: చాలతాయి. ఎడిసన్ నుంచి గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద సుమారు 120 మైళ్ళు. ఎగ్జిట్ 4 దగ్గర దిగితే రూట్ 47 మిమ్మల్ని ఊళ్ళోకి చేరుస్తుంది. వేసవిలో శుక్రవారం సాయంత్రం మాత్రం బయల్దేరకండి, రెండు గంటల దారి కాస్తా మూడున్నర అవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులు చూసొచ్చిన అమెరికన్ సైనికులు ఆ కబుర్లు మోసుకొచ్చారు. ఆ దీవుల బొమ్మలతో, కొబ్బరిచెట్లతో హోటళ్ళను, బార్లను అలంకరించే మోజునే ‘టికీ’ అంటారు. 1959లో హవాయి రాష్ట్రమయ్యాక ఆ మోజు ఇంకా ముదిరింది. న్యూజెర్సీ చలికి కొబ్బరిచెట్టు బతకదు కాబట్టి మోటెల్ యజమానులు ప్లాస్టిక్‌వి పాతారు. ఇప్పుడు ఊరికి అవే గుర్తు. 2000 తర్వాత కాండోల (సొంత ఫ్లాట్ల భవనాల) హడావుడిలో చాలా మోటెళ్ళు కూల్చేశారు. మిగిలినవాటికోసం పక్కనే ఉన్న వైల్డ్‌వుడ్ క్రెస్ట్‌లో ఓషన్ అవెన్యూ వెంట నడవండి, కార్లోంచి చూస్తే సగం తప్పిపోతాయి. 1957 నాటి కరీబియన్ మోటెల్‌లో పై అంతస్తుకు వంపు తిరిగి వెళ్ళే ర్యాంపు చూడాల్సిందే. పేరు కరీబియన్, వాలకం పసిఫిక్. ఆ రోజుల్లో వెచ్చటి సముద్రమైతే చాలు, ఏ సముద్రమని ఎవరూ అడగలేదు. కన్వెన్షన్ సెంటర్ ఎదురుగా ఉన్న డూవాప్ (ఆనాటి మోటెళ్ళ శైలికి పెట్టిన పేరు) మ్యూజియంలో, కూల్చేసిన మోటెళ్ళ నియాన్ బోర్డులు దాచిపెట్టారు. దానికి గంట చాలు.

గది విషయానికొస్తే, ఈ రెండంతస్తుల పాత భవనాల్లో చాలావాటికి లిఫ్టు ఉండదు, బయటి మెట్లే. అత్తగారికి కింది అంతస్తు గది కావాలని బుకింగ్ రోజే ఫోన్ చేసి చెప్పండి. వెబ్‌సైటులో టిక్కు పెట్టి ఊరుకుంటే లాభం లేదు. ‘ఎఫిషియెన్సీ’ అనే గదిలో పొయ్యి, ఫ్రిజ్ ఉంటాయి, కుక్కర్లో అన్నం పెట్టుకోవచ్చు. పోపు వేసేముందు మాత్రం కిటికీ తెరవండి. చిన్న గది, నెత్తిమీదే స్మోక్ అలారం. జులై, ఆగస్టు వారాంతాల్లో రెండు మూడు రాత్రులు ఉంటేనే గది ఇస్తామనే మోటెళ్ళు చాలా ఉన్నాయి. జూన్ మొదట్లో వారం మధ్యలో వెళ్తే ఆ బెడద తక్కువ.

ప్రశ్న: మేం టాంపాలో ఉంటాం. ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గరి టికీ హోటల్ మై-కైకి భోజనానికి వెళ్దామనుకుంటున్నాం. శాకాహారులం, పైగా పెద్దబ్బాయికి బాదం పడదు. మా ఊరికి దగ్గర్లోనే టికీ గార్డెన్స్ అనే వినోద పార్కు కూడా ఉందట కదా?

జవాబు: రెండోది ముందు చెప్తాం. ఇండియన్ షోర్స్‌లోని టికీ గార్డెన్స్ పాత పోస్టుకార్డుల్లోనే మిగిలింది. ఇప్పుడక్కడ ఆ పేరుతో ఉన్నది బీచ్‌కి వెళ్ళేవాళ్ళ పార్కింగ్ స్థలం. పాత గైడు పుస్తకాలు నమ్ముకుంటే ఇలాగే అవుతుంది. ఒహాయోలోని కొలంబస్‌లో 1961లో కట్టిన కహికీ అనే టికీ హోటల్ని కూడా 2000లో కూల్చేశారు. బయల్దేరేముందు ఆ నెలలో జనం పెట్టిన ఫొటోలు చూసుకోండి.

మై-కై మాత్రం ఉంది. 1956 డిసెంబరులో మొదలైంది. 2020లో వానకు వంటింటి పైకప్పు కూలి మూతపడి, 2024 నవంబరులో మళ్ళీ తెరిచారు. డాన్స్ షో ఉన్న భోజనశాలకి టేబుల్ ముందే బుక్ చేయాలి. డప్పులకు, నిప్పుల కత్తి నాట్యానికి చిన్నపిల్లలు జడుస్తారు, స్టేజికి దూరంగా అడగండి. వెలుతురుండగా వెళ్తేనే బయటి తోట కనిపిస్తుంది.

బాదం సంగతి ఎక్కువమందికి తెలియదు. టికీ పానీయాల్లో ‘ఓర్జా’ అనే తెల్లటి సిరప్ పోస్తారు, అది బాదంపాల పాకం. మద్యం లేకుండా పిల్లలకిచ్చే గ్లాసులోనూ అది ఉండొచ్చు. ‘ఫలెర్నమ్’ అనే మసాలా సిరప్‌లోనూ కొందరు బాదం వాడతారు. అందుకే ‘నట్స్ ఉన్నాయా’ అని ఊరుకోకుండా ఈ రెండు పేర్లూ చెప్పి అడగండి. ఒకే షేకర్లో అన్నీ కలుపుతారు కాబట్టి అలర్జీ తీవ్రంగా ఉంటే సీసా నీళ్ళే మేలు.

తిండి విషయంలో, ఇలాంటి హోటళ్ళలో ‘పూపూ’ (రకరకాల చిరుతిళ్ళ) పళ్ళెం తెప్పించుకోకండి. అందులో క్రాబ్ రంగూన్ అచ్చం మన కజ్జికాయలా ఉంటుంది, లోపల పీత మాంసం, క్రీమ్ చీజ్. రుమాకీ అంటే కోడి కార్జం చుట్టూ పందిమాంసపు బేకన్. కూరగాయల ఫ్రైడ్ రైస్ అన్నా గుడ్డు, ఆయిస్టర్ సాస్ లేకుండా చేస్తారా అని అడగాల్సిందే.

ప్రశ్న: లాస్ ఏంజెలిస్ వైపు వెళ్తున్నాం. పిల్లల్ని టికీ బార్‌లోకి రానిస్తారా?

జవాబు: సన్‌సెట్ బులవార్డ్‌లోని టికీ-టి లాంటి అచ్చమైన బార్లలోకి 21 నిండనిదే రానివ్వరు. పిల్లలకైతే 1963లో తెరిచిన డిస్నీల్యాండ్ ఎన్‌చాంటెడ్ టికీ రూమ్ ఉంది. పావుగంట ఆట, మరబొమ్మ పక్షులు పాడతాయి. మధ్యలో ఉరుముతుంది, చిన్నవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: టికీ హోటళ్ళలో కనిపించే ఈ బొమ్మలు ఏ దీవివని మా అమ్మాయి అడుగుతోంది. ఏం చెప్పాలి?

జవాబు: ఒకే గోడ మీద నాలుగైదు దీవులవి కలిపేసి ఉంటాయి, విడదీయడమే ఆటగా పెట్టండి. ఒంటితో పోలిస్తే తల బాగా పెద్దగా, పొడుగు ముక్కుతో ఉన్న రాతి బొమ్మ ఈస్టర్ దీవి మొవాయ్. గుండ్రటి పెద్ద కళ్ళు, పొట్టమీద చేతులు ఉంటే మార్కెసస్. నోరు వెడల్పుగా తెరిచి కోపంగా నిలబడితే హవాయి. నాలుక బయటపెట్టి, ఒంటినిండా సుడులుంటే న్యూజిలాండ్ మావోరీలది. వీటిలో దేవతల, పూర్వీకుల రూపాలున్నాయి. మన గుడిలో విగ్రహాన్ని ఎవరో ఉప్పుసీసాగా పోతపోస్తే ఎలా ఉంటుందో ఆ మాటా చెప్పండి. హవాయిలోని ఓవాహు దీవికెళ్తే లాయేలో పాలినేషియన్ కల్చరల్ సెంటర్‌లో దీవుల పల్లెలు విడివిడిగా చూపిస్తారు. బుధ, ఆదివారాలు సెలవు.

ప్రశ్న: నియాన్ బోర్డు ఫొటోలో అక్షరాలు తెల్లగా మాడిపోతున్నాయి. ఎందుకని?

జవాబు: చీకటి ఎక్కువైతే ఫోను మొత్తం బొమ్మ వెలుగు పెంచేస్తుంది, అందులో అక్షరాలు కొట్టుకుపోతాయి. సూర్యుడు కుంకిన ఇరవై నిమిషాలకు, ఆకాశం ఇంకా నీలంగా ఉన్నప్పుడే తీయండి. తెరమీద అక్షరాన్నే నొక్కి, వెలుగు గుర్తును కిందికి జరపండి. నల్లటి చారలు పడితే షట్టర్ 1/30 సెకనుకు తగ్గించి, ఫోన్ని కారు కప్పు మీద ఆనించి తీయండి.