క్రాస్ కట్ స్కర్టు అంచు ఒక పక్కకు జారితే

కొత్తగా కుట్టిన స్కర్టు రెండోసారి వేసుకునేసరికే అంచు ఒక పక్క జారిందని, పక్క కుట్లు అలలు తిరిగాయని రాశారు. మీ కొలతల్లో తప్పు ఉండకపోవచ్చు. క్రాస్ కట్ అంటే గుడ్డను 45 డిగ్రీల ఐమూలగా కోయడం. అలా కోస్తే బరువుకు పడుగు (నిలువు), పేక (అడ్డం) పోగులు కత్తెర రెక్కల్లా దగ్గరకు వచ్చి కిందికి సాగుతాయి. రెండిటి బిగువూ ఒకటి కాదు కాబట్టి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ దిగుతుంది.

అంచు మడత విప్పేయండి. స్కర్టును నడుము దగ్గర క్లిప్పులు పెట్టి 24 గంటలు వేలాడదీయండి. జారుడు గుడ్డయితే రెండు రోజులు. తర్వాత మీరు తొడుక్కుని నిటారుగా నిలబడితే, ఇంకొకరు నేల నుంచి స్కేలుతో ఒకే ఎత్తులో చుట్టూ గుర్తులు పెట్టాలి. మీరే వంగి పెట్టుకుంటే లాభం లేదు, వంగగానే అంచు కదిలిపోతుంది. గుర్తు కింద ఒక సెంటీమీటరు ఉంచి మిగతాది కోసేసి, సన్నగా రెండు మడతలు వేసి కుట్టండి. వెడల్పు మడత నాకైతే అస్సలు నచ్చదు, బరువుకు మళ్లీ లాగుతుంది.

పక్కలకు మామూలు కుట్టు బదులు 0.5 మి.మీ. వెడల్పు, 2.5 మి.మీ. పొడవు జిగ్‌జాగ్ పెట్టండి. గుడ్డతోపాటు కుట్టూ సాగుతుంది. జిప్ దగ్గర మాత్రం సాగకూడదు. నిలువు పోగు మీద కోసిన సన్నని ఫ్యూజింగ్ పట్టీ (ఇస్త్రీ వేడికి గుడ్డకు అంటుకునేది) అతికించండి. ఇస్త్రీ రుద్దకుండా అద్ది ఎత్తండి.

అన్నట్టు, గుడ్డ మడిచి కోశారా, ఒకే పొరలోనా?