మోచేయి సంగతి దాచకు

నాన్నా చిన్నూ,

బేస్‌బాల్ క్లబ్‌లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో నీ పేరు పిలిచారని మీ నాన్న ఫోన్‌లో చెబుతూ ఏడ్చేశాడు. నాకు ఎంత గర్వంగా ఉందో అంత టెన్షన్‌గానూ ఉంది.

డబ్బు సంగతి మీ నాన్న చూస్తాడు. బోనస్ రాగానే కారు కొనకు, ముందు పన్ను లెక్క చూసుకో. డిగ్రీ ఇంకో ఏడాది మిగిలింది కదా, ఆ ఫీజు క్లబ్ కట్టేలా కాలేజీ స్కాలర్‌షిప్ ప్లాన్‌ని సంతకం పెట్టేటప్పుడే కాంట్రాక్టులో రాయించుకో.

నాకు నిద్ర పట్టనిది నీ మోచేయి గురించే.

పదిహేనేళ్లప్పుడు నువ్వు చేసిన పని మర్చిపోయావా? శుక్రవారం స్కూల్ టీమ్‌కి, ఆదివారం ఊళ్లు తిరిగి ఆడే ట్రావెల్ టీమ్‌కి పిచింగ్, అంటే బ్యాటర్‌కి బంతి వేయడం. ఆ వయసులో ఒకరోజు 76 బంతులు వేస్తే నాలుగు రోజులు చేతికి విశ్రాంతి ఇవ్వాలని కుర్ర పిచర్ల చేతులు కాపాడే పిచ్ స్మార్ట్ నియమాలు చెబుతున్నాయి. ఈ కోచ్‌కి ఆ లెక్క తెలీదు, ఆ కోచ్‌కి ఈ లెక్క తెలీదు. రెండూ తెలిసిన నువ్వేమో నోరు విప్పలేదు. ఆ వారమే మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదం ఎడమచేత్తో తీసుకున్నావని నానమ్మ అందరి ముందూ కేకలేసింది. తలొంచుకుని తిట్లు తిన్నావే గానీ కుడిచేయి లేవట్లేదని చెప్పలేదు. నాకు అనుమానం వచ్చి వంటింట్లోకి తీసుకెళ్లి చూస్తే మోచేయి వాచిపోయి ఉంది. మడవలేవు, చాపలేవు. ఎందుకు చెప్పలేదురా అంటే, "కాలేజీ కోచ్‌లు చూడ్డానికి వస్తున్నారత్తా" అన్నావు. ఎంత కోపం వచ్చిందో! ఫిజియోథెరపిస్టుని ఇంట్లో పెట్టుకుని ఇదా నువ్వు చేసే పని అని అరిచాను. మోచేతి ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ తెగకపోవడం మన అదృష్టం. ఆ వేసవంతా బంతి ముట్టకుండా, నేను చెప్పిన వ్యాయామాలన్నీ మారుమాట లేకుండా చేశావు. నీ వేగం కంటే ఆ ఓపిక చూసే నీ మీద నాకు నమ్మకం, బంగారం.

ఇప్పుడు దాచాలన్న ఒత్తిడి ఇంకా ఎక్కువ. ఒక్కో క్లబ్ అమెరికాలో మేజర్ లీగ్‌కి కింది మెట్టైన మైనర్ లీగ్‌లో 165 మంది ఆటగాళ్లనే ఉంచుకోవచ్చని 2024లో పరిమితి పెట్టారు. ఏటా జూలైలో డ్రాఫ్ట్ నుంచి కొత్తవాళ్లు వస్తుంటే పాతవాళ్లలో కొందరిని పంపేస్తారు. అందుకే కుర్రాళ్లు నొప్పిని మింగేసి బంతి వేస్తారు. లిగమెంట్ తెగితే టామీ జాన్ సర్జరీ, దాని స్థానంలో వేరే చోటి స్నాయువు పెడతారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి చేశాక ఎందరో తిరిగి ఆడారు, నిజమే. కానీ పిచర్‌కి ఏడాది పైనే పోతుంది.

నిజం చెబితే కాంట్రాక్టు పోతుందని భయమా? కుమార్ రాకర్ అనే పిచర్‌ని చూడు, వాళ్లమ్మ మన భారత సంతతే. 2021 డ్రాఫ్ట్‌లో మెట్స్ క్లబ్ పదో ఎంపికగా తీసుకుని, వైద్య పరీక్షల తర్వాత వెనక్కి తగ్గింది. మరుసటి ఏడాది రేంజర్స్ క్లబ్ మూడో ఎంపికగా తీసుకుంది. 2023లో టామీ జాన్ సర్జరీ అయింది. అయినా 2024 సెప్టెంబర్‌లో మేజర్ లీగ్‌లో బంతి వేశాడు.

నీ పాత ఎమ్మారై రిపోర్టులు నా దగ్గరే ఉన్నాయి, ఈరోజే పంపుతున్నాను. టీమ్ డాక్టర్ చేతికి నువ్వే ఇవ్వు. నొప్పి మొదలైన రోజే ట్రైనర్‌కి చెప్పి, తర్వాత నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే. కందిపొడి, గోంగూర పచ్చడి కట్టి ఉంచాను. టీమ్ ఇచ్చే ఇంటి అడ్రస్ తెలియగానే పంపించు.

నీ అత్తయ్య