స్కాన్‌ల గర్భసంచి ఖాళీగా కనబడితే ట్యూబ్ ప్రెగ్నెన్సీయేనా?

కాదు, ఒక్క స్కాన్‌ల గర్భసంచి ఖాళీగా ఉన్నంత మాత్రాన ట్యూబ్ ప్రెగ్నెన్సీ (గర్భం గర్భసంచిల కాకుండా పక్కన ట్యూబ్‌ల నిలబడుడు) అని ఖాయం చెయ్యరు. లోపలినుంచి చేసే స్కాన్‌ల కూడా పిండం తిత్తి కనబడేది ఆఖరి నెలసరి నుంచి లెక్కేస్తే దాదాపు 5 వారాలకే, పొట్ట మీది స్కాన్‌ల ఇంకా లేటు. హన్మకొండల ఒకామె నెల తప్పిన రెండో రోజే స్కాన్‌కి పోయిందనుకోండి, ఏం కనబడకపోవచ్చు, అప్పుడు బీటా హెచ్‌సీజీ (గర్భం హార్మోన్) రక్తపరీక్ష చేసి 48 గంటలకు మళ్లొకసారి చేసి, అది ఎట్ల పెరుగుతుందో చూసి స్కాన్ రిపీట్ చేస్తరు. గర్భసంచి బయట తిత్తి, అండ్ల పిండం గుండె కొట్టుకునుడు కనబడితే ఇగ పక్కా. చాలామంది కిట్‌ల రెండు గీతలొచ్చినయంటే అంతా మంచిగనే ఉందనుకుంటరు గానీ ట్యూబ్‌ల ఉన్నా రెండు గీతలే వస్తయి, కిట్‌కి జాగా తెల్వదు కదా. కడుపుల గట్టిగ నొప్పి, కళ్లు తిరుగుడు, భుజం నొప్పి ఉంటే మాత్రం 48 గంటలు ఆగొద్దు, వెంటనే దవాఖానకు పోవాలె.