కిట్ లేకుండా పాత కారు మోడల్ చేయాలంటే ముందు ఏది చేయాలి?

సొంతంగా ఫోర్డ్ మోడల్ టి చేయాలనుంది, ముందు బాడీ చేయాలా చాసిస్ చేయాలా అని అడిగారు. రెండూ కాదండీ, ముందు చక్రాలు చేయండి. నేను 1:8 స్కేల్‌లో, అంటే అసలు కారులో ఎనిమిదో వంతు సైజులో, 1914 టూరింగ్ కారు (పైకప్పు మడిచే తెరుపు కారు) చేశాను, ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు, ఆదివారాలు కూర్చుంటే 14 నెలలు పట్టింది, అందులో రెండు నెలలు చక్రాలకే సరిపోయాయి.

అసలు దానికంటే ముందు ఏ సంవత్సరం కారో ఖాయం చేసుకోండి. మోడల్ టి 1908 నుంచి 1927 దాకా కోటిన్నరకు పైగా వచ్చాయి, పేరు ఒకటే గానీ వివరాలు మారుతూ వచ్చాయి. 1914 కారు అంటే ఇత్తడి రేడియేటర్, గ్యాస్ హెడ్‌లైట్లు, కిరోసిన్ పక్క దీపాలు. డ్రైవర్ వైపు ముందు తలుపు ఉత్త అచ్చే, తెరుచుకోదు. కింద మూడు పెడల్స్: క్లచ్, రివర్స్, బ్రేక్. యాక్సిలరేటర్ స్టీరింగ్ కింద చేతి లివర్. నేను అలవాటు కొద్దీ యాక్సిలరేటర్ పెడల్ కూడా చేసి అతికించాను, తర్వాత ఒక పాత ఫోటో చూసి పీకేశాను.

ఇక చక్రాలు. అసలు కారు వీల్‌బేస్, అంటే ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి దూరం, 100 అంగుళాలు, మనకి పన్నెండున్నర. 30 అంగుళాల టైరు మూడు ముప్పావు అవుతుంది. చక్రానికి 12 చెక్క స్పోకులు, మన ఎడ్లబండి మాటల్లో ఆకులు, నాలుగింటికీ కలిపి 48. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర తీసుకున్నాను, మెత్తగా తెగుతుంది, నునుపు బాగా వస్తుంది. ప్రతి ఆకు లోపలి కొన 30 డిగ్రీల మొనలా అరగదీయాలి, 12 మొనలూ నడిమధ్యలో కలవాలి. ఒక్కోదానికి అర డిగ్రీ ఎక్కువైనా చివరి ఆకు దగ్గరికొచ్చేసరికి దాదాపు 6 డిగ్రీలు పోగై అది కూర్చోదు. మొదటి చక్రం నాకు అలాగే పాడైంది. తర్వాత గట్టి చెక్కలో 30 డిగ్రీల గాడి కోసి, ప్రతి ఆకునీ అందులో పెట్టి ఆకురాయితో అరగదీశాను, అప్పుడు అన్నీ ఒకేలా వచ్చాయి. చక్రం చేతిలో ఉంటే మడ్‌గార్డ్ వంపు, చాసిస్ ఎత్తు దాన్ని పెట్టి చూసి కొలుచుకోవచ్చు, అందుకే ముందు చక్రాలు అంటున్నాను.

రంగు నలుపే కదా అని తేలిగ్గా తీసుకోకండి, గీత పడినా దుమ్ము పడినా నలుపు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మాది కాకినాడ. ఆగస్టులో ముసురు పట్టిన రోజు ఎన్.సి. పెయింట్ (త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ రంగు) కొడితే పది నిమిషాల్లో బానెట్ అంతా పాలపొర కట్టినట్టు తెల్లబడింది, గాలిలో తేమ పట్టేసింది. చాలా బాధేసింది. అంతా వాటర్ పేపర్‌తో గీకేసి, బాడీని గుడ్డలో చుట్టి దాచి, సంక్రాంతి సెలవుల్లో పొడి ఎండలో మళ్లీ నాలుగు పల్చటి కోట్లు కొట్టాను. మీదీ సముద్రం పక్క ఊరైతే వానాకాలం ఇత్తడి పని చేసుకోండి, రంగు జనవరికి ఉంచుకోండి.